అర్తిమాస్ గాలి

టిమో అమ్మగారు గిన్నెను ఎవరి చేతికీ ఇవ్వలేదు. జ్వరం వచ్చిన పసిబిడ్డను మోసుకొచ్చినట్టు ఉన్నిగుడ్డలో చుట్టి, రేవు వీధి ఎండలో అంత దూరం తనే పట్టుకుని నడిచి వచ్చింది. గాజుకొట్టు యజమాని దామాగోరస్ తను కూర్చున్న పీట మీది దుమ్ము చేత్తోనే దులిపి ఆమె ముందుకు జరిపాడు. రోడ్స్ పట్నంలో సగం ఓడలు ఆ ఇంటివే మరి. ఆవిడ కూర్చుని ఆయాసం తీర్చుకుని, వెంట వచ్చిన పనిమనిషి చేతిలోని బుట్టను కాలితో ముందుకు తోసింది. బుట్టలో గాజుముక్కలున్నాయి.

"పిల్లి పడేసిందంటుంది మా కోడలు. పిల్లికి చేతులుంటే నేనూ నమ్మేదాన్నే."

"అయ్యయ్యో, జోడీలో ఒకటేనా అమ్మా?"

"ఒకటే. ఇది మిగిలింది." అప్పుడు విప్పింది ఉన్నిగుడ్డ. "పున్నమికి మనవరాలి నిశ్చయం. పిల్ల తండ్రి ఒక గిన్నె ఎత్తి తాగి, రెండోది అల్లుడి చేతిలో పెట్టాలి. నా పెద్దకూతురికి ఈ జోడీతోనే ఇచ్చాం, చిన్నదానికీ దీనితోనే ఇచ్చాం. ఈ పిల్లకి మాత్రం ఒంటిగిన్నెతో ఇమ్మంటావా? వియ్యాలవారి ముందు నా తల ఎక్కడ పెట్టుకోను? నాకు రెండోది కావాలి. అచ్చంగా ఇలాగే."

వెనక గదిలో తోలుముక్కతో ఒక పళ్ళేనికి మెరుగు పెడుతున్న నికాసో చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుమ్మంలోంచి ఆ గిన్నె కనబడుతూనే ఉంది. నీళ్ళలాంటి గాజు, అంచు దగ్గర మాత్రం లేత పచ్చన. కాళ్ళూ పిడులూ లేని గుండ్రటి గిన్నె. అడుగున చిన్న చుక్క, దాని చుట్టూ సన్నని పొడుగాటి రేకులు. తాగేవాడికి మద్యం కనబడుతుంది, ఎదుట కూర్చున్నవాడికి పువ్వు కనబడుతుంది. చక్రంతో గాజు మీద అలాంటి పువ్వులు ఆ వీధిలో చాలామందే కోస్తారు. కానీ ఈ పువ్వు రేకులన్నీ ఒక పక్కకి కొంచెం వాలి ఉంటాయి. చివరి రేకు మటుకు చోటు చాలక ఇరుక్కుని నిలబడ్డట్టుంటుంది.

"చూడు, చూడు," అంది టిమో అమ్మగారు గిన్నెను వెలుగుకి తిప్పుతూ. "సముద్రం మీంచి గాలి వచ్చి పువ్వు మీద పడ్డట్టు లేదూ? మా ఇంట్లో దీన్ని అర్తిమాస్ గాలి అంటాం. పుణ్యాత్ముడు, ఆ చెయ్యి మళ్ళీ పుట్టదు."

"పుట్టదమ్మా," అన్నాడు దామాగోరస్ నిట్టూర్చి. "మా అన్నలాంటివాడు. వదినా! ఒక మెత్తని గుడ్డ తే."

నికాసో గుడ్డ తెచ్చింది. టిమో అమ్మగారు ఆమె వైపు చూసి, పోయిన అర్తిమాస్ భార్య కనుక, ఒక్క క్షణం గిన్నె చేతిలో పెట్టింది. నికాసో బొటనవేలు తిన్నగా పోయి ఆ ఇరుకురేకు మీద కూర్చుంది. ఏ రేకు దగ్గర చక్రం గీరుమందో, ఏ రేకు దగ్గర నూనె ఎక్కువైందో ఆ వేలికి ఇంకా గుర్తుంది. ఎందుకంటే ఆ గిన్నె కోసింది ఆమే. ఇదీ, బుట్టలో ముక్కలై ఉన్న దాని జోడూ, రెండూ. అప్పుడు అర్తిమాస్ మంచం మీద పడుకుని, వణికే చేతులు రెండూ దుప్పటి కింద దాచుకుని, "అంచు వైపు ఇంకొంచెం... ఆపు, ఆపు," అని నోటితో చెప్పేవాడు.

ఆ మాట ఇన్నేళ్ళూ ఆమె నోరు దాటలేదు. అర్తిమాస్ పోయాక తోటి పనివాళ్ళంతా కలిసి అతని సమాధికి రాయి నిలబెట్టారు. 'చేతిపనిలో సాటిలేని అర్తిమాస్' అని చెక్కించారు దాని మీద. ఇక ఏమని చెబుతుంది?

"సోతియోన్ చేస్తాడమ్మా," అన్నాడు దామాగోరస్. "అలెగ్జాండ్రియాలో నేర్చుకుని వచ్చిన కుర్రాడు. నేను ఏరి కోరి తెచ్చుకున్నాను."

నికాసో గిన్నె తిరిగి ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు వేళ్ళు అంత తొందరగా విడలేదు. టిమో అమ్మగారు కొంచెం గట్టిగానే లాక్కోవలసి వచ్చింది.

మర్నాడు సోతియోన్ పని మొదలుపెట్టాడు. అంత నాణ్యమైన గాజుతో పోసి, ఇంకా పువ్వు కోయని పచ్చి గిన్నెలు కొట్లో మూడే మిగిలాయి. సీదోను నుంచి గాజుగడ్డలు తెచ్చే అబ్దస్ ఆ ఉదయమే కొత్త సరుకు దించాడు గానీ, దాన్ని కరిగించి, అచ్చు మీద వాల్చి, బూడిదలో మెల్లగా చల్లార్చేసరికి పున్నమి వెళ్ళిపోతుంది. ఉన్న మూడింటితోనే గట్టెక్కాలి.

సోతియోన్ మంచివాడే. ఆ సంగతే నికాసోకి మరీ మంట. దుర్మార్గుడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. అతను మాదిరి గిన్నెను బోర్లించి, వృత్తలేఖినితో రేకు రేకూ కొలుచుకున్నాడు. చివరి రేకు ఎంత సన్నమో అంత సన్నంగా గుర్తు పెట్టుకున్నాడు. నికాసో కూతురు క్లేనో విల్లు లాగుతోంది. విల్లుతాడు ఇరుసును తిప్పుతుంటే చిన్న రాగిచక్రం గిర్రున తిరుగుతుంది. దాని మీద నూనె, గాజుని అరగదీసే నాక్సోస్ రాతిపొడి. కోసేవాడు గిన్నెను రెండు చేతులా పట్టుకుని చక్రానికి ఆనిస్తాడు. కిటికీ దగ్గర, వెలుగులో, ఆ చక్రం ముందు ఉండే ఎత్తుపీట ఒకప్పుడు అర్తిమాస్‌ది. జబ్బు పడ్డప్పుడు అతని మంచం పక్కకి ఈ చక్రాన్నే తెప్పించుకున్నారు. అతను పోయాక చక్రం కొట్లోకి తిరిగి వచ్చింది, నికాసో దాని వెనకాలే వచ్చి, వెనక గదిలో తోలుముక్క దగ్గర ఆగిపోయింది.

గోడకి పాత సుద్ద అచ్చు ఒకటి వేలాడుతోంది. అర్తిమాస్ తన ఊరు సార్డిస్ నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క ఆస్తి. అతని తండ్రి పారశీక దొరలకి వెండి గిన్నెలు కొట్టేవాడు, వాటిలో ఒకదాని అడుగునున్న ఇదే పువ్వు మీంచి తీసిన అచ్చు అది.

అబ్దస్ గడ్డలు దించి, అరచేతులు ఊదుకుంటూ ఆ అచ్చు ముందు నిలబడ్డాడు. "మా పువ్వును భలే వాడుకుంటున్నారయ్యా మీరంతా."

"మీ పువ్వా?" సోతియోన్ తల ఎత్తకుండానే నవ్వాడు. "అది తామర. నైలునదిలో పుట్టింది. మా ఊళ్ళో గోడగోడకీ ఉంటుంది, వచ్చి చూసుకో."

"నీళ్ళలో పుట్టింది మీ దగ్గరైతే కావచ్చు, గిన్నె కిందకి తెచ్చింది మేము."

"ఒరే, నా కొట్లో నిలబడి పువ్వు మీదంటారేమిటి?" దామాగోరస్ లోపలికి వస్తూనే అందుకున్నాడు. "పారశీకులు ఓడిపోయి పారిపోతూ వదిలేశారు. వదిలేసింది ఎవరికి దొరికితే వాళ్ళది. ఇప్పుడది గ్రీకు పువ్వు."

"అయితే పన్ను కట్టు దానికి," అన్నాడు అబ్దస్.

క్లేనో పకపకా నవ్వింది, విల్లు తడబడింది, చక్రం కీచుమంది. "నవ్వకే!" అని కేకేసింది నికాసో లోపల్నుంచి. నిజానికి ఆమెకి కోపం వచ్చింది నవ్వు మీద కాదు. ఇంతమంది ఆ పువ్వు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు, చేతిలో పట్టుకుని కోసింది మాత్రం లోపల కూర్చుని పళ్ళెం రుద్దుతోంది.

సోతియోన్ గిన్నె పూర్తి చేసి జోడు పక్కన పెట్టాడు. రేకులెన్నో అన్నే, చివరిది సన్నం, అంతా కొలతే. అయినా చూడగానే ఏదో తేడా. టిమో అమ్మగారు వచ్చి, ఒకటి ఎత్తింది, రెండోది ఎత్తింది, పీట మీద పెట్టేసింది.

"ఇది కవాతులో నిలబడ్డట్టుందయ్యా. చివరివాడికి ఒక కాలు లేదు, అంతే తేడా. గాలేదీ?"

"గాలిని కొలవడం ఎలాగమ్మా?" అన్నాడు సోతియోన్ దీనంగా.

"అర్తిమాస్ ఏమైనా కొలిచాడా?"

ఆవిడ వెళ్ళాక దామాగోరస్ తల పట్టుకుని కూలబడ్డాడు. నికాసో తోలుముక్క కింద పెట్టింది. చేతులు బట్టకి తుడుచుకుంది. ఒకసారి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, వెళ్ళి అతని ముందు నిలబడింది.

"అయ్యా, నేనొకసారి కూర్చోనా? చక్రం దగ్గర?"

దామాగోరస్ తల ఎత్తి, ఎంతో ప్రేమగా చూశాడు. ఆ ప్రేమ చూస్తేనే ఆమెకి ఒళ్ళు మండింది.

"వదినా, మెరుగు పెట్టడంలో నువ్వు మహారాణివి. ఈ వీధిలో నీ సాటి లేరు. అది చాలదూ? మిగిలినవి రెండే గిన్నెలు. అందులో ఒకటి నీ సరదాకి ఇచ్చి, పోతే, ఆ ముసలమ్మకి నన్ను నేను కోసి ఇవ్వనా?"

"సరదా కాదయ్యా. ఆయన కోసేటప్పుడు నేను..."

"పక్కనే ఉన్నావు, నాకు తెలీదూ? పక్కన కూర్చున్నంత మాత్రాన చెయ్యి వస్తుందా? మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా నా పక్కనే ఉంది, గాజుకీ మంచుకీ తేడా తెలీదు దానికి."

'నేనే కోశాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సమాధి మీది రాయి కళ్ళ ముందు నిలబడింది. మాట మింగేసి వెనక్కి వెళ్ళింది. ఆ సాయంకాలం ఆమె రుద్దిన పళ్ళెం మీద ఈగ వాలితే జారి పడేటట్టుంది.

తెల్లవారగానే దామాగోరస్ కట్టెల బేరానికి కమిరోస్ వెళ్ళాడు. మర్నాడు గాని తిరిగి రాడు. అతని గాడిద వీధి మలుపు తిరిగిందో లేదో సోతియోన్ చక్రం దగ్గరి పీట మీంచి లేచాడు.

"అక్కా, రా, కూర్చో."

"ఏమిట్రా?"

"ఆవిడ మొదట వచ్చిన రోజు గిన్నె నీ చేతిలో చూశాను. ఆ ఇరుకురేకు మీదికి నీ వేలు వెతుక్కోకుండా వెళ్ళింది. నేను అలెగ్జాండ్రియాలో రెండు గాజుపొరల మధ్య బంగారు రేకు పెట్టి అతికించడం నేర్చాను, ద్రాక్షతీగలు కోస్తాను, రెక్కలున్న చిట్టి దేవుళ్ళని కోస్తాను. ఇది నా వల్ల కాదు. వెండిలో అయితే వెనకనుంచి సుత్తితో కొడితే రేకు ముందుకు ఉబుకుతుంది. గాజులో రేకు కానిదంతా తీసెయ్యాలి. ఆయన ఏం తీశాడో నాకు కనబడడం లేదు. నీకు కనబడుతోంది. ఎందుకో నేనడగను."

నికాసో పీట ఎక్కింది. ఆమె పొట్టిమనిషి, కాళ్ళు నేలకి అందలేదు. సోతియోన్ స్వయంగా విల్లు పట్టుకున్నాడు. చక్రం తిరిగింది. పచ్చి గిన్నె ఆనగానే ఆ సన్నని గీరుపాటు మోచేతుల్లోంచి పాకి వీపులోకి వెళ్ళింది. ఇన్నేళ్ళ ఆకలి ఒక్కసారి తీరినట్టయింది ఆమెకి. మధ్యాహ్నం క్లేనో రొట్టె, ఉప్పుచేప తెచ్చి పెడితే చేప ఎండిపోయింది గాని ఆమె లేవలేదు. ఆ రోజూ, మర్నాడు పొద్దున్నా కోసింది.

చివరి రేకు పూర్తయ్యాక గిన్నెను నీళ్ళలో ముంచి, పొడి కడిగి, వెలుగుకి ఎత్తింది.

రేకులన్నీ నిటారుగా ఉన్నాయి. ఒక్కటి కూడా వాలలేదు. చివరి రేకుకి మిగతావాటికున్నంత చోటూ ఉంది. తల వెంట్రుకంత తేడా లేదు.

"ఎంత బాగుంది!" అన్నాడు సోతియోన్, నిజంగానే.

"బాగుండి ఏం చేసుకోను?" అంది నికాసో. "ఇది అది కాదు." మాదిరి గిన్నెను పక్కన పెట్టి చూసింది. తనే కోసిన గిన్నె తనని చూసి వెక్కిరిస్తున్నట్టుంది. ఇరుకురేకు కావాలని చివర్లో నొక్కి పెడదామనుకుంది. కానీ మిగతా రేకులు నిటారుగా వచ్చేస్తే చివర్న ఇరుకెక్కణ్ణుంచి వస్తుంది? ఒక్కో రేకూ వాలుతూ, వాలినందుకు పిసరు చోటు ఎక్కువ తింటూ వస్తేనే కదా ఆఖరిదానికి చాలకపోవడం. అంతవరకూ అర్థమైంది. ఆ వాలు తన చేతికి అప్పుడెందుకొచ్చింది, ఇప్పుడెందుకు రాదు, అది మాత్రం అంతు చిక్కలేదు.

దామాగోరస్ వచ్చి చూసి ఒకటే మాటన్నాడు. "ఒకటే మిగిలింది." ఎవరు కోశారని అడగలేదు. సోతియోన్ కోశాడనే అనుకున్నాడు. సోతియోన్ నోరు తెరవబోతే నికాసో వద్దన్నట్టు చూసింది. చెప్పి ఏం లాభం? ఓడిపోయిన పనికి కూడా పేరు అడుక్కోవాలా?

ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. క్లేనో బార్లీపిండి పిసుకుతోంది. నికాసో గోడని తిడుతోంది, పొయ్యిని తిడుతోంది, కట్టెలు పచ్చిగా ఉన్నాయని తిడుతోంది.

"అమ్మా, ఆ గిన్నె నాన్నది కదా, నీకు రాకపోతే ఏం? నాన్నకి వచ్చినట్టు అందరికీ రావాలా?"

"నాన్నది కాదే!" అనేసింది.

క్లేనో పిసకడం ఆపింది. తర్వాత నికాసో చెప్పింది. అర్తిమాస్ చేతులు వణకడం, టిమో అమ్మగారి పని మధ్యలో ఆగిపోతే తిండి ఉండదని భయపడడం, తను చక్రం ముందు కూర్చోవడం. క్లేనో పిండి చేతులతోనే వింటోంది.

"ఏ కాలం అది?"

"నువ్వు పుట్టబోయే ముందు. నెలలు నిండాయి. బల్ల ముందు కూర్చుంటే బల్ల ఒక చోట, నేనొక చోట. చేతులు చాపితే గాని చక్రం అందేది కాదు. ఒకటే నడుంనొప్పి. నువ్వేమో లోపల్నుంచి ఒకటే తన్నులు..."

ఆమె ఆగిపోయింది. క్లేనో పిండిముద్దని పళ్ళెంలో పడేసింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నికాసో మెల్లగా రెండు చేతులూ ముందుకి చాపింది, గిన్నెను పట్టుకున్నట్టు. తర్వాత పొట్ట దగ్గర ఏదో ఉన్నట్టు వెనక్కి వాలి, మళ్ళీ చాపింది. మణికట్లు వాటంతటవే ఒక పక్కకి వాలాయి.

"అయితే రేకులు తోసింది నేనా?" అంది క్లేనో. "ఇన్నాళ్ళూ పనికిమాలినదాన్నని తిడుతూ వచ్చావు కదే!"

నికాసోకి నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది. "ఇప్పుడెక్కణ్ణుంచి తెచ్చేదే ఆ కడుపు? మొగుడు పోయి ఇన్నేళ్ళయ్యాక?"

క్లేనో గది మూలకి చూసింది. అక్కడ పొట్టు కూరిన పెద్ద దిండుంది. గోధుమపొట్టు, గట్టిగా కూరింది, తల పెట్టుకుంటే మెడ పట్టేసేంత గట్టిది. దాన్ని తెచ్చి తల్లి పొట్ట మీద పెట్టి, నడుం చుట్టూ శాలువాతో బిగించి ముడి వేసింది. వెనక్కి జరిగి చూసి, "ఇరుగమ్మలకి కనబడకు, మంత్రసానిని పిలుస్తారు," అంది.

తెల్లవారగానే తల్లీకూతుళ్ళు కొట్టు తలుపు తీశారు. దిండు శాలువా కింద మోసుకుపోయారు. నికాసో పీటెక్కింది, క్లేనో దిండు కట్టి విల్లు పట్టుకుంది. బల్ల దూరమైపోయింది. నికాసో మొదట తిట్టుకుంది, ఎందుకంటే చేతులు అందవు, నడుం విరుగుతుంది, గిన్నె బరువంతా మణికట్ల మీద పడుతుంది. ఆ రోజుల్లో ఇలా ఎలా కూర్చుందో! మొదటి రేకు కోసింది. వాలింది. రెండోది వాలింది. ఆమె దాన్ని సరిచేయబోలేదు. చేతిని దాని దారిన పోనిచ్చింది. గాజు నురుగులాంటి తెల్లని బురద మోచేతుల మీదుగా కారి దిండు మీద చారలు కట్టింది.

సగం పువ్వు అయ్యేసరికి గుమ్మంలో నీడ పడింది. దామాగోరస్. అతని వెనక సోతియోన్.

"వదినా! ఆఖరి గిన్నె అది!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి, మధ్యలో నిలబడిపోయాడు. ఆమె పొట్ట చూశాడు. చక్రం చూశాడు. గిన్నెను ఆమె చేతిలోంచి లాక్కుని మాదిరి పక్కన పట్టుకున్నాడు. వాలు అదే, వెడల్పు అదే. మళ్ళీ ఆమె పొట్ట చూశాడు. అతను మొద్దు కాదు, అంతకాలం చూడనక్కర్లేకపోయింది, అంతే.

"నాకు తెలిసి అర్తిమాసన్నకి ఎప్పుడూ కడుపు రాలేదు," అన్నాడు చివరికి.

క్లేనో నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"క్లేనో పుట్టిన యేడు," అన్నాడు మళ్ళీ, తనలో తను లెక్క కట్టుకుంటున్నట్టు. "నేను మీ ఇంటికి వచ్చాను. గిన్నెలు చూసి అన్న చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను."

"పక్కనే ఉన్నాను. నీకు అంజూరపళ్ళు పెట్టాను."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"మొన్న చెప్పబోతే మహారాణివన్నావు కదయ్యా."

దామాగోరస్ మెడ వెనక రుద్దుకున్నాడు. సోతియోన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నవ్వు కనబడకుండా. దామాగోరస్ గిన్నెను ఎంతో జాగ్రత్తగా మళ్ళీ ఆమె చేతుల్లో పెట్టాడు.

"సరే, కోసెయ్. కానీ ఈ మాట ఈ గోడలు దాటకూడదు. ఆ రాయి మీద నా పేరూ ఉంది, నిలబెట్టించినవాళ్ళలో."

"దాటించమని నేనడిగానా?"

అడగలేదు నిజమే. కానీ అతను అంత తొందరగా ఆ మాట అంటాడని అనుకోలేదు. విల్లు మళ్ళీ కదిలింది. మిగతా సగం పువ్వు ఆమె పళ్ళు బిగించుకుని కోసింది. ఆఖరి రేకు దగ్గరికి వచ్చేసరికి చోటు మిగల్లేదు. ఇరుక్కుని నిలబడింది రేకు, అచ్చంగా, అప్పటిలాగే.

పున్నమికి ముందురోజు టిమో అమ్మగారు వచ్చింది. జోడు గిన్నెలు పక్కపక్కన పెడితే ఏది కొత్తదో ఏది పాతదో ఆవిడకే తెలియలేదు. పాతదాన్ని పట్టుకుని ఇదే కొత్తదంది. కళ్ళు తుడుచుకుంది.

"సోతియోనూ, నీ చేతులు చల్లగుండ! అర్తిమాస్ ఆత్మ వచ్చి నీ మీద కూర్చుందయ్యా!"

సోతియోన్ ఎర్రబడి, "నేను కాదమ్మా..." అన్నాడు. దామాగోరస్ దగ్గాడు. సోతియోన్ వంగి బల్ల తుడవడం మొదలెట్టాడు.

ఆవిడ లేస్తూ అరుగు మీద వేరే గిన్నె ఒకటి చూసింది. రేకులు నిటారుగా ఉన్నది. చేతిలోకి తీసుకుని, గోటితో కొట్టి, మోగించింది. "ఇదెవరిది?"

వెనక గది గుమ్మంలో నికాసో తోలుముక్క పట్టుకుని నిలబడి ఉంది. దామాగోరస్ ఆమె వైపు చూశాడు, సోతియోన్ వైపు చూశాడు. అది ఎవరి పనో సోతియోన్ అప్పటికే అతనికి చెప్పేశాడు.

"అదా... అది మా వదిన కోసిందమ్మా."

"నికాసోనా?" ఆవిడ కనుబొమ్మలెత్తింది, గిన్నెను అటూ ఇటూ తిప్పింది. "చెయ్యి చక్కనిదే. గీత తిన్నగా పోయింది. కానీ గాలి లేదమ్మా. ఏమీ అనుకోకు. అర్తిమాస్ పనితనం కడుపులోంచి వచ్చేది. అది ఒకళ్ళు నేర్పితే వచ్చేది కాదు."

క్లేనోకి ఒక్కసారిగా దగ్గు ముంచుకొచ్చి పెరట్లోకి పరిగెత్తింది. నికాసో నవ్వలేదు. "చిత్తం అమ్మా," అంది. టిమో అమ్మగారు గిన్నెను అరుగు మీద పెట్టేసి, జోడీని ఉన్నిలో చుట్టుకుని, ఒళ్ళో బిడ్డల్లా పట్టుకుని వెళ్ళిపోయింది.

కొట్టు కట్టేసే వేళకి దామాగోరస్ వెనక గదిలోకి వచ్చాడు. ఆ గదిలోకి అతను రావడమే అరుదు. నిలబడే ఉన్నాడు.

"రేపట్నుంచి నువ్వు చక్రం దగ్గర కూర్చో వదినా. సోతియోన్ బంగారపు పని చూసుకుంటాడు, వాడే అన్నాడు."

నికాసో తోలుముక్క మడత పెట్టింది. ఇన్నేళ్ళూ ఈ మాట ఎన్నిసార్లు విన్నట్టు కలగందో!

"కాకపోతే..." అన్నాడు. "దిండు కట్టుకో. జనానికి కావలసింది అర్తిమాస్ గాలి. టిమో అమ్మగారు ఊరంతా చెబుతుంది, ఇక అందరూ అదే అడుగుతారు. నిటారు పువ్వు ఎవరికి కావాలి? వీధి వీధంతా కోస్తుంది."

"అలాగా," అంది నికాసో.

ఇంటికి పోతూ దారంతా క్లేనో ఆగకుండా మాట్లాడుతూనే ఉంది, పీట వచ్చింది కదమ్మా, కిటికీ వచ్చింది కదమ్మా, ఇక ఆ తోలు కంపు లేదు కదమ్మా అని. నికాసో నడుం పట్టేసి ఉంది. లేని కడుపుని మోసిన నాటి నొప్పి ఇంకా పోలేదు. ఉన్నప్పుడు మోసింది, మొగుడి పేరుకి. ఇప్పుడు లేనిదాన్ని కూడా మోయాలట, ఇంకా మొగుడి పేరుకే. చేతిలో సత్తువ ఉన్నన్నాళ్ళూ నడుం వంకర చేసుకుని కూర్చోవాలన్నమాట, సముద్రం మీంచి గాలి వస్తోందని ముసలమ్మలు మురిసిపోవడానికి.

పొద్దున్నే కొట్లోకి వచ్చింది. కిటికీలోంచి వెలుగు పీట మీద పడి ఉంది. బట్టీ నుంచి కొత్త పచ్చి గిన్నె వచ్చి బల్ల మీద ఉంది, ఇంకా బూడిద వాసన వేస్తోంది. క్లేనో దిండూ శాలువా పట్టుకుని వచ్చింది.

"కట్టనా?"

నికాసో దిండు తీసుకుంది. దాని మీద ఎండిపోయిన తెల్లని చారలు ఉన్నాయి. రెండు చేతులా ఒకసారి గట్టిగా అదిమి, పొట్టు సర్ది, పీట మీద వేసింది. వేసి, దాని మీద ఎక్కి కూర్చుంది. అంత ఎత్తుకి మోచేతులు బల్ల అంచు మీద హాయిగా ఆనాయి, పొట్ట బల్లకి తగిలింది, గిన్నె గుండెకి దగ్గరగా వచ్చింది. కాళ్ళు నేలకి అందకపోయినా, ఆ బల్ల ముందు ఆమెకి పీట పొట్టిదే. అర్తిమాస్ పొడుగువాడు, బల్ల అతని ఎత్తుకి చేసింది.

క్లేనో తల్లి వంక చూసింది. శాలువా మేకుకి తగిలించి, విల్లు అందుకుంది.

వాకిట్లో చెప్పుల చప్పుడు. దామాగోరస్ గొంతు అక్కణ్ణుంచే వినబడింది. "వదినా! దిండు తెచ్చావా?"

"తెచ్చానయ్యా," అంది నికాసో, గిన్నెను చక్రానికి ఆనిస్తూ. "ఇక్కడే ఉంది."

మొదటి రేకు నిటారుగా వచ్చింది.